సున్నం రాసిన చెయ్యి

కుక్క కరిస్తే మీరు మొదట ఏం రాస్తారు? పసుపా, కారమా, సున్నమా? మొహమాటపడకండి. మన తరంలో ఈ మూడింట్లో ఏదో ఒకటి రాయనివాళ్లు, కనీసం ఎవరైనా రాస్తుంటే చూసి ఊరుకోనివాళ్లు ఎంతమంది ఉంటారు?

పోయిన వారం దువ్వాడలో మా పక్కింటి కోడలిని వీధికుక్క పిల్ల ఒకటి చేతిమీద కరిచింది. పెద్ద గాయమేమీ కాదు, రెండు చుక్కల రక్తం. అత్తగారు తాంబూలం పళ్లెంలోంచి సున్నం డబ్బా తెచ్చి వేలితో తీసి రాయబోతుంటే నేను గేటు దగ్గర్నుంచే కేక పెట్టాను. ఆవిడ ఉలిక్కిపడి, "ఏటండీ అలా అరిసీసినారు, సున్నమే కదా!" అంది. నిజమే, సున్నమే. అయితే ఆ తెల్లటి వేలు చూడగానే నలభై ఏళ్ల కిందట చూసిన మరో తెల్లటి చెయ్యి నా కళ్లముందుకు వచ్చి నిలబడింది.

విశాఖలో నేను డిగ్రీ చదివిన కాలేజీకి పెద్ద మైదానం ఉండేది, ఆ మైదానానికి ఒక మార్కర్ ఉండేవాడు. ఇప్పటి పిల్లలకు ఈ మాట తెలియకపోవచ్చు గానీ, ఆటలకు గీతలు గీసి, వలలు కట్టి, బంతుల్లో గాలి నింపి, సాయంత్రం సామాను గదికి తాళం వేసే ఉద్యోగిని మా రోజుల్లో మార్కర్ అనేవారు. ముప్పై ఏళ్లు దాటని మనిషి, సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. తగరపువలస దగ్గర పల్లె నుంచి మొదటి బస్సుకు వచ్చి, మేము వచ్చేసరికే నేల తడిపి, తాడు లాగి, రెండు మేకులు పాతి, చిల్లుల డబ్బాలో జల్లించిన సున్నం పోసుకుని గీతలు మొదలుపెట్టేవాడు. సముద్రం మీంచి గాలి ఏ వైపు నుంచి వస్తోందో చూసుకుని దానికి వీపు పెట్టి నడిచేవాడు. మూల తిరిగేచోట మాత్రం తాడు వదిలేసి, ఒక కన్ను మూసి, ఊపిరి బిగపట్టి గీసేవాడు. ఆ వంపు చూసి మా లెక్కల లెక్చరర్ ముచ్చటపడేవారు.

మగపిల్లలందరూ అతనికి బావలే, ఆడపిల్లలందరం చెల్లెళ్లమే. ఏటి బావా, ముగ్గులు అయిపోనాయా అని వాళ్లు ఏడిపిస్తే, తల ఎత్తకుండానే, "అయిపోనాయి బావా, గొబ్బెమ్మే తక్కువ. నువ్వెల్లి మద్దిన కూకో" అనేవాడు.

ఆడపిల్లలం మేమూ కబడ్డీ ఆడతామని అడిగితే కాలేజీలో పెద్దలు ముందు నవ్వారు, తర్వాత విసుక్కున్నారు, చివరికి స్థలం లేదన్నారు. మరునాడు ఉదయం వచ్చి చూస్తే మైదానం తూర్పు మూల తెల్లగా ఒక కోర్టు గీసి ఉంది. ఎవరు గీయమన్నారని అడిగితే, గీత ఉన్నాక స్థలం లేదని ఎవుడంటాడు సెల్లీ అన్నాడు. క్రికెట్ కుర్రాళ్లు దాని మీంచి పరిగెత్తబోతే చేతిలో డబ్బా పైకెత్తి, తొక్కితే నీ బాలు స్టోరు గదిలోంచి బయటికి రాదు బావా అని నవ్వుతూనే బెదిరించేవాడు. నా జీవితంలో ఎన్నో సభల్లో హక్కుల గురించి మాట్లాడాను గానీ, ఆ రోజు ఆ సున్నపు గీత చెప్పినంత సూటిగా ఎప్పుడూ చెప్పలేకపోయాను.

మాట్లాడటం నాకప్పుడు ఒక మత్తు. ఇంట్లో పెద్దనాన్న దగ్గర సంస్కరణ వాదాలు విని పెరిగినదాన్ని, కాలేజీ చర్చావేదికకు కార్యదర్శిని. తాయెత్తులు, మంత్రాలు, శకునాలు, ఏది దొరికితే దాన్ని చీల్చి చెండాడేదాన్ని. ఆటల పోటీలకు ముందురోజు మూఢనమ్మకాల మీద వక్తృత్వ పోటీ పెట్టారు. ఆ ఉదయమే మార్కర్ పరుగుపందెం గీతల మధ్య నిద్రపోతున్న కుక్కపిల్లల్ని ఎత్తి పక్కకు పెడుతుంటే ఒకటి అతని బొటనవేలి మొదట్లో కరిచింది. అటుగా వెళుతూ నేను చూశాను. అతను డబ్బాలోంచి చిటికెడు సున్నం తీసి, తడిచేసి, గాయం మీద పట్టించి, మళ్లీ వంగి గీత అందుకున్నాడు. ఎవరైనా చేసే పనే కదా అనుకుని నేను హాలుకు వెళ్లిపోయాను.

నేను మాట్లాడుతుంటే అతను వెనక తలుపు దగ్గర నిలబడి విన్నాడు. చివర్లో చప్పట్లు కొడితే అతని చేతుల్లోంచి సున్నం పొగలా లేచింది, హాలంతా నవ్వింది.

నాలుగు రోజుల తర్వాత నా దగ్గరికి వచ్చి బొటనవేలు చూపించాడు. అతని అత్తగారు పక్క ఊళ్లో మంత్రగాడి దగ్గరికి తీసుకెళతానందట, వీపుకు ఇత్తడి పళ్లెం అంటించి విషం లాగుతాడట. "నాను ఎల్లనని సెప్పీసినాను సెల్లీ. మంత్రానికి ఏటీ అవదని నువ్వు సెప్పలేదేటి? సూడు, సున్నానికే మానిపోనాది" అన్నాడు. నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. మా గోడపత్రికలో ఆ సంగతి పెద్ద అక్షరాలతో రాసి పెట్టాను. ఇంజక్షన్లు చేయించుకున్నావా అని మాత్రం అడగలేదు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులని అందరూ భయపడే రోజులవి, ఎవరైనా పక్కనుండి నడిపిస్తే తప్ప వెళ్లేవాళ్లు కారు. ఆ నడిపించాల్సిన మనిషిని నేనే అని నాకు తోచలేదు.

నెల దాటాక ఒక మధ్యాహ్నం మైదానం కుళాయి దగ్గర దోసిలి పట్టి, నీళ్లు నోటిదాకా తెచ్చి, తాగలేక పారబోశాడు. గొంతు పట్టీసింది సెల్లీ అని నవ్వబోయాడు. ఆటల మాస్టారు రిక్షాలో ఆసుపత్రికి తీసుకెళ్లారు. మూడోరోజు ఆయన ఒక్కరే తిరిగి వచ్చారు.

దినాలయ్యాక అతని భార్య తాడు, మేకులు కాలేజీకి తిరిగి ఇవ్వడానికి వచ్చింది. నన్ను చూపించమని అడిగి మరీ నా దగ్గరికి వచ్చింది. నాకంటే రెండేళ్లు పెద్దదేమో.

"పళ్లెం ఏయించుకుంటే బతికీవోడని మా ఊరంతా అంటన్నారమ్మా. మీరు సదూకున్నోరు. సెప్పండి, బతికీవోడా?"

బతికేవాడు కాదని చెప్పాను. అది నిజం, ఈనాటికీ నిజమే. పళ్లెం వేయించుకోనందుకే పోయాడని ఆ మంత్రగాడు చాలాకాలం చెప్పుకున్నాడని విన్నాను, అది పచ్చి అబద్ధం. అయితే ఆమెకు అడగడం తెలియని ప్రశ్న ఇంకొకటి ఉంది. సూదులు వేయించుకుని ఉంటే? దానికి జవాబు నాకు తెలుసు. ఆమె నా మొహంలోకి చూస్తుంటే నేను నేల వైపు చూశాను. మంత్రం వద్దని అతని చెయ్యి వదిలించినదాన్ని ఆసుపత్రి వరకు ఆ చెయ్యి పట్టుకెళ్లలేదు.

ఇప్పుడు ఆ మైదానంలో రంగు వేసిన రబ్బరు బాట ఉంది. గీతలు వానకు చెరగవు, గాలికి లేవవు, మార్కర్ ఉద్యోగమే లేదంటున్నారు. సూదులు కూడా బొడ్డు చుట్టూ కాదు, చేతికే వేస్తారు, అవీ కొద్దే. ఇంత మారింది, సున్నం డబ్బా మాత్రం ఇంకా అత్తగారి చేతికి అందుబాటులోనే ఉంది. పక్కింటి కోడలి చేతిని నేనే పావుగంటసేపు కుళాయి కింద పట్టి సబ్బుతో కడిగి, ఆటో ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్లాను. మళ్లీ ఏ రోజు వెళ్లాలో వాళ్ల కేలెండరు మీద సున్నాలు చుట్టి వచ్చాను.

మీరూ ఆ పని చెయ్యండి. సున్నం రాయకూడదని చెప్పి ఊరుకోకండి, నాలాగా. మీకు దగ్గరలో కుక్కకాటు టీకా ఏ ఆసుపత్రిలో వేస్తారో ఈరోజే కనుక్కోండి. కరిపించుకున్నవాళ్లు ఎవరైనా సరే, కుక్కపిల్లే కదా అన్నా, మానిపోయింది కదా అన్నా వినకుండా, చెయ్యి పట్టుకుని తీసుకెళ్లండి. చివరి సూది పడేదాకా ఆ చెయ్యి వదలకండి.