బున్‌తెక్ మేస్త్రీ రిలేకి పట్టిన బంగారం

తైవాన్‌లోని తైనాన్‌లో మాజో అమ్మవారి గుడి వెనక సందులో ఉంటుంది, మైకులూ రేడియోలూ బాగుచేసే బున్‌తెక్ మేస్త్రీ దుకాణం. రోజూ పొద్దున్నే షట్టర్ సగమే ఎత్తి, వంగి లోపలికి దూరి, నేలదేవరకు అగరొత్తులు వెలిగించేవాడు. ఆ చేత్తోనే తన పాత మీటర్ల దగ్గరికి వెళ్ళి, ఒక్కొక్కదాని నెత్తిమీదున్న ఆకుపచ్చ చిరుతిండి పొట్లాన్ని సర్ది, "ఇవాళ బుద్ధిగా ఉండండి నాయనా" అనేవాడు. ఆ ఊళ్ళో యంత్రం ఉన్నచోటల్లా ఆ పొట్లం ఉంటుంది. పచ్చదే అయ్యుండాలి, ఎవరూ తినకూడదు, గడువు దాటకూడదు. అప్పుడే యంత్రం మాట వింటుంది.

అమ్మవారి పండగనాడు షట్టర్ ఇంకా సగంలో ఉండగానే దాని కిందనుంచి ఒక ఆంప్లిఫయర్ లోపలికి జరిగింది. దాని వెనకే బొమ్మలాట ఆడించే లీహూన్ దూరింది. తోలుబొమ్మలు కావు ఆమెవి, చేతికి తొడుక్కుని ఆడించే బొమ్మలు. తండ్రి తర్వాత ఆ ఆట ఆమే నడుపుతోంది.

"మేస్త్రీగారూ, నా బొమ్మలకి గొంతు పోయింది. సాయంత్రం అమ్మవారి ముందు ఆట. ఈసారి కూడా వినపడకపోతే వచ్చే ఏడాదినుంచి రంగుదీపాల పాటల బండిని పిలుస్తామన్నారు గుడి పెద్దలు."

"ఏడవకమ్మాయీ. శబ్దం ఎక్కడ ఆగిపోయిందో మా పెద్దాయన చెబుతాడు," అన్నాడు మేస్త్రీ.

పెద్దాయనంటే ఆయన వయసులో సగం దాటిన ఒక కొలత పెట్టె. ఈల లాంటి శబ్దాన్ని ఆంప్లిఫయర్‌లోకి పంపి, అది ఏ మలుపులో సన్నగిల్లిందో ముల్లుతో చూపిస్తుంది. ఆవేళ మాత్రం పెద్దాయన ముల్లు కదపలేదు. లోపల రిలే టిక్కుమంటోంది కానీ, తీగను తీగతో కలిపే దాని మొనలు కలవడం లేదు. చాప్‌స్టిక్ మొదలుతో తడితే ముల్లు లేస్తుంది, చెయ్యి తీస్తే పడుకుంటుంది.

మేస్త్రీ ముందు పొట్లం తిప్పి చూశాడు. గడువు దాటి నెల అయింది.

"అదీ సంగతి! ఏమే సూబీ, పొట్లం మార్చమని చెప్పలేదా?"

మేస్త్రీ భార్య సూబీ చేపల జావ గిన్నెలు పట్టుకుని వచ్చింది. "గడువు దాటినవి ఈ కొట్లో ఇంకా ఉన్నాయి ముసలాయనా. అన్నిటినీ మార్చమంటే నువ్వే ముందు బయటికి పోవాలి," అని ఒక గిన్నె లీహూన్ చేతిలో పెట్టింది. "తినమ్మా. ఏడుపు కడుపు నిండాక కూడా ఏడవచ్చు."

కొత్త పొట్లం పెట్టారు. ముల్లు కదల్లేదు. ఇక మొనలు తుడవాల్సిందే. మామూలుగా మేస్త్రీ అట్టముక్కను స్పిరిట్‌లో ముంచి మొనల మధ్య మెల్లగా లాగుతాడు. గరుకు కాగితం వాడేవాణ్ణి ఆయన మనిషిగా చూడడు. అయితే పండగని సూబీ బల్ల శుభ్రం చేసి అట్టముక్కలన్నీ పారేసింది. చేతికందే దూరంలో, దేవుడికి డబ్బుగా చేరాలని కాల్చే కాగితాల కట్ట ఉంది, బంగారు రేకు అంటించి ఎర్ర ముద్ర వేసినవి. మందంగా, మెత్తగా ఉంది. తొందరలో ఒక పట్టీ కత్తిరించి తుడిచేశాడు.

ఈసారి ముల్లు లేచింది. లేచి, చివరిదాకా పోయి, గోడకి కొట్టుకుని అక్కడే ఉండిపోయింది. మీట ఎటు తిప్పినా దిగదు.

"చూశావా, కొత్త పొట్లం పవర్!" అంది సూబీ.

లీహూన్ గిన్నె పక్కన పెట్టి భూతద్దంలోంచి చూసింది. బొమ్మల చొక్కాలకు కుట్లు వేసే కళ్ళు ఆమెవి. "మేస్త్రీగారూ, లోపల బంగారం మెరుస్తోంది!"

"మరేమనుకున్నావు? పాతకాలపు సరుకు. మొనలకు బంగారు పూత వేసేవాళ్ళు."

"పూత కాదండీ, రేకు ముక్కల్లా ఉంది. అక్కడక్కడా ఎర్ర ముద్ర కూడా కనపడుతోంది."

మేస్త్రీ కత్తిరించిన పట్టీ వంక చూశాడు. దానిమీద రేకు సగం లేదు; అది మొనల మధ్య ఇరుక్కుని వాటిని విడిపోనివ్వడం లేదు.

"అమ్మవారి డబ్బుతో రిలే పళ్ళు తోమావా!" అని సూబీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగక గోడ పట్టుకుంది. ఆ నవ్వు చూసి, పొద్దుటినుంచి కళ్ళు తుడుచుకుంటున్న లీహూన్‌కి కూడా నవ్వొచ్చింది.

నవ్వుతూనే తన ఆట పేరున్న విజిటింగ్ కార్డు తీసి కత్తెరతో సన్నగా కత్తిరించింది. మేస్త్రీ దాన్ని స్పిరిట్‌లో తడిపి, ఊపిరి బిగబట్టి, రేకు పొడి అంతా బయటికి వచ్చేదాకా లాగాడు. పెద్దాయన ముల్లు నెమ్మదిగా లేచి, నిలవాల్సిన చోట నిలిచింది. ఆ తర్వాత ఆంప్లిఫయర్‌లో టంకం వదిలిన తీగ దొరకడానికి ఎంతో సేపు పట్టలేదు. లీహూన్ మైకులో పులిలా గర్జించింది. సందులో ఎవరిదో కుక్క జవాబు చెప్పింది.

ఆంప్లిఫయర్ ఎత్తుకుని వెళ్ళబోతుంటే మేస్త్రీ గుమ్మం దాకా వచ్చాడు. మెడ గోక్కున్నాడు.

"అమ్మాయీ, ఒక్క సాయం చెయ్యి. అమ్మవారి కాగితంతో అలాంటి పని చేశాక ఇవాళ నాకు గుళ్ళోకి రావడానికి మొహం చెల్లదు. నువ్వెలాగూ అమ్మవారి ఎదుటే ఆడతావు కదా, ఏదో ఒక ముసలి బొమ్మ చేత నా బదులు క్షమించమని దణ్ణం పెట్టించు. మరీ అందమైన బొమ్మ వద్దు. నేనని అమ్మవారికి తెలియాలి."