కావాలని చేసిన తప్పు

ట్రైనింగ్ కాలేజీలో ఆమెను అందరూ కళ్ళద్దాలక్క అనేవారు. నిజానికి ఆమె కళ్ళద్దాలు పెట్టుకోదు, చూపు బాగానే ఉంది. పెళ్ళయిన దగ్గర్నుంచి బావగారి కళ్ళద్దాల దుకాణంలో కౌంటరు వెనక కూర్చుని, వచ్చినవాళ్ళ ముక్కులకూ చెవులకూ ఫ్రేములు సరిచేసి పంపిన మనిషి. కొడుకు హైస్కూలుకు వచ్చి ఇంట్లో కాస్త ఊపిరి ఆడుతున్న రోజుల్లో, భోజనాల దగ్గర అందరూ ఉండగా, తాను టీచరు ట్రైనింగ్ చేస్తానని మెల్లగా అంది. భర్త కాదనలేదు, అవుననీ అనలేదు. బావగారు మాత్రం మంచినీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టి, “వెళ్ళమ్మా. ఏడాది ఆ కుర్చీ అలాగే ఉంచుతాను” అన్నాడు. అది దీవెనో బెదిరింపో ఆమెకు ఎప్పటికీ తేలలేదు.

కాలేజీలో మిగతావాళ్ళంతా ఆమె కొడుకు కంటే కొంచెమే పెద్దవాళ్ళు. వాళ్ళకు జ్ఞాపకశక్తి ఉంది, ఆమెకు ఓపిక ఉంది. పాఠ్యపుస్తకాల్లో తరగతి గది ఎలా ఉండాలో రాసి ఉండేది. ఎలా ఉంటుందో ఎక్కడా లేదు. ఆ వెలితి తీర్చుకోవడానికే ఆమె బ్లాగులు చదవడం మొదలుపెట్టింది. బస్సులో సీటు దొరికితే చాలు, ఫోను తెరిచేది.

ఎక్కడెక్కడి టీచర్లో రాసుకున్న రాతలవి. ఒక సైన్సు టీచరు, వెలగని బల్బు గురించి రెండు పేజీలు రాసింది. బల్బు ఎందుకు వెలగలేదో కాదు, వెలగకపోయేసరికి పిల్లలు తన మొహంలోకి ఎలా చూశారో రాసింది. ఇంకొకావిడ, నోరు విప్పని ఒక పిల్లవాడి గురించి నెలల తరబడి రాస్తూ పోయింది. చివరికైనా వాడు మాట్లాడతాడేమో అని చదువుతూ వెళితే, వాడు బడి మారిపోయాడని ఉంది, అంతే. కళ్ళద్దాలక్కకు అందరిలోకీ ఇష్టమైనవాడు లెక్కల మాస్టారు. పేరు చెప్పుకోడు, ఫొటో పెట్టడు. గుమ్మం దగ్గర నిలబడి పక్కింటి ఆయనతో మాట్లాడుతున్నట్టు రాస్తాడు.

తోటివాళ్ళు కూడా బ్లాగులు చూసేవారు కానీ వాళ్ళకు కావలసింది వేరు. రేపటి పాఠానికి పనికొచ్చేది ఏదైనా దొరికితే దింపుకుని, పైనున్న కబుర్లు చదవకుండా మూసేసేవారు. “అక్కా, అదంతా సొంత సొద. కింద అసలు విషయం ఉంటుంది, అక్కడికి పో” అని ఒకమ్మాయి ఆమెకు దారి కూడా చూపించింది. తాను అలా చదివే మనిషిని కానని కళ్ళద్దాలక్క అనుకునేది. తీరా అవసరం పడినప్పుడు ఆమె కూడా కిందికే పోయింది.

ఆ అవసరం ప్రాక్టీసు పాఠాల రూపంలో వచ్చింది. ఆమెను ఒక బడిలో ఐదో తరగతికి వేశారు. ఆ తరగతి టీచరును బడిలో అందరూ పెద్ద టీచర్ అంటారు. సన్నగా, నిటారుగా, ఏ విషయమూ రెండోసారి చెప్పని మనిషి. గది వెనక గోడకు ఆనించిన కుర్చీలో కూర్చుని, ప్రాక్టీసుకు వచ్చినవాళ్ళు పాఠం చెబుతుంటే మార్కులు వేస్తుంది. ఆవిడ సంతకం లేకపోతే ఏడాది పోయినట్టే. ఇంట్లో రెండో ఏడాది అడిగే మొహం కళ్ళద్దాలక్కకు లేదు. సంతకం రాకపోతే మళ్ళీ దుకాణమే.

పాఠం భిన్నాల కూడిక. లెక్కల మాస్టారు ఆ పాఠం గురించి ఒకసారి రాశాడు. సగానికి మూడో వంతు కలిపితే ఐదింట రెండు వంతులని కావాలనే బోర్డు మీద తప్పు రాసి, చేతులు కట్టుకుని నిలబడ్డాడట. కాసేపటికి ఒక పిల్ల లేచి, “సగమే దానికంటే పెద్దది కదా సార్, ఇంకా కలిపితే తగ్గిందేమిటి?” అని నిలదీసిందట. ఆ తర్వాత తరగతంతా తేనెపట్టు కదిలినట్టు కదిలి, సరైన లెక్క వాళ్ళే పట్టుకున్నారట. ఆ రాత ఆమె బస్సులో చదివి, దిగాల్సిన చోట దిగడం మరిచిపోయింది.

ముందురోజు కాగితపు పట్టీలు మడిచి సగాలూ మూడో వంతులూ చేయించింది. పిల్లలకు బాగా పట్టుబడింది. మర్నాడు పెద్ద టీచర్ వెనక కూర్చోగా, మాస్టారు రాసినట్టే బోర్డు మీద తప్పు రాసి, చేతులు కట్టుకుని నిలబడింది.

పిల్లలు బోర్డు చూశారు, ఆమెను చూశారు, తలలు వంచి రాసుకున్నారు. ఒక్కరంటే ఒక్కరు నోరెత్తలేదు. “అంతేనా? సరిగ్గా ఉందా?” అని ఆమె అడిగింది. “ఉంది టీచర్” అన్నారందరూ, ఎంతో మర్యాదగా. ఇంకోలా ఎలా అడగాలా అని ఆమె తడబడుతుండగానే బెల్లు మోగింది. పిల్లలు ఆటలకు పరిగెత్తారు. బోర్డు మీద తప్పు తప్పులాగే ఉండిపోయింది.

స్టాఫ్‌రూములో పెద్ద టీచర్ టీ కప్పు మీద సాసరు మూత పెడుతూ, పాఠానికి వచ్చే ముందు లెక్క చూసుకోవాలమ్మా అంది. అది కావాలనే రాశానని కళ్ళద్దాలక్క చెప్పింది.

“నా ముందు ప్రాక్టీసు చేసిన ప్రతివాళ్ళూ తప్పులు కావాలనే చేశారు తల్లీ” అంది పెద్ద టీచర్. కోపంగా కాదు. వాతావరణం గురించి చెబుతున్నట్టు చెప్పింది.

ఇంటికి వచ్చాక ఆడపడుచు ఊరుకుంటుందా? పుట్టింట్లో నాలుగు రోజులుందామని వచ్చిన మనిషి, వదిన మొహం చూసి కూపీ లాగి, సంగతంతా విని చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. “పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టుంది వదినా నీ సంగతి. ఆ మాస్టారెవరో, ఆయన పిల్లలెవరో. ఆయన చేతులు కట్టుకున్నాడని నువ్వూ కట్టుకున్నావా?” అంది. అత్తగారు కూతుర్ని కసిరింది కానీ, ఆవిడకూ నవ్వు ఆగలేదు. భర్త మాత్రం, అన్నయ్యతో నేను మాట్లాడనా అని అడిగాడు. అంటే దుకాణంలో కుర్చీ సంగతి. ఆ సానుభూతే ఆమెకు అన్నిటికంటే ఎక్కువ గుచ్చుకుంది.

మాస్టారు మీద ఆమెకు కోపం వచ్చింది. ఆయన రాత కింద, మీరు చెప్పినట్టే చేశాను, నా తరగతిలో ఎవరూ మాట్లాడలేదు, మీరు రాయకుండా దాచింది ఏమిటి అని కాస్త ఘాటుగానే రాసింది. రాశాక ఎందుకు రాశానా అనుకుంది. మర్నాడు పొద్దున బస్సులో చూసుకుంటే జవాబు ఉంది.

“దాచలేదమ్మా, తట్టలేదు. ఆ తప్పు రాసే ముందు ఏడాదంతా నేను నిజం తప్పులు చాలానే చేశాను. నన్ను పట్టుకోవడం వాళ్ళకు అలవాటైపోయింది. ఆ సంగతి పాత రాతల్లో ఉంది. నేను రాసిన దాంట్లో మా గది ఉంటుంది, మీ గది ఉండదు. ఆ రోజు మీ గదిలో ఎవరెవరు ఉన్నారు? పిల్లలు ఎందుకు మాట్లాడలేదో నన్ను అడిగారు. వాళ్ళను అడిగారా?”

ఆమె సిగ్గుపడింది. దుకాణంలో అన్నేళ్ళు కూర్చుని ఈ మాత్రం తెలియకపోవడమేమిటి? గోడ మీది అక్షరాలు చూపించి కనిపిస్తున్నాయా అంటే, కనిపించనివాళ్ళు కూడా కనిపిస్తున్నాయండీ అంటారు. ఎదుటివాళ్ళను ఇబ్బంది పెట్టడం ఇష్టంలేక అంటారు. అందుకే ఆమె ఎప్పుడూ అలా అడిగేది కాదు, చదివి వినిపించమనేది. బడికి వచ్చేసరికి ఆ తెలివి ఏమైందో.

ఆ రోజు తరగతిలో పెద్ద టీచర్ హాజరు పుస్తకం తెచ్చుకోవడానికి వెళ్ళింది. కళ్ళద్దాలక్క కుర్చీ లాక్కుని పిల్లల మధ్య కూర్చుంది. నిన్న బోర్డు మీద రాసింది తప్పని చెప్పి, అది ఎవరికైనా తెలిసిందా అని అడిగింది. ముందు ఒక చెయ్యి లేచింది. దాన్ని చూసి ఇంకోటి. చూస్తుండగా సగం గది చేతులెత్తింది.

“మరి చెప్పలేదేం?”

చివరికి బొంగురు గొంతు పిల్ల ఒకతి లేచింది. “పెద్ద టీచర్ వెనక కూర్చుని మీకు మార్కులేస్తున్నారు కదా టీచర్. మేం తప్పంటే మీకు మార్కులు పోతాయి కదా.”

“అందరూ కలిసి అనుకున్నారా?”

“అనుకోలేదు టీచర్. వీడు చెయ్యెత్తబోతుంటే నేను కాలు తొక్కాను.”

“గట్టిగా తొక్కింది టీచర్” అన్నాడు పక్కనున్న కుర్రాడు. నిన్నటి నుంచి ఆ ఫిర్యాదు ఎవరికి చెప్పుకోవాలో తెలియక దాచుకున్నట్టున్నాడు.

కళ్ళద్దాలక్కకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చి, ఏదీ బయటికి రాలేదు. తాను పాఠం చెబుతున్నానని అనుకుంటున్న గంటలో, ఈ పిల్లలు తనను కాపాడే పనిలో ఉన్నారు. ఆ సంగతి ఏ బ్లాగులోనూ ఉండదు. మాస్టారి గదిలో వెనక కుర్చీ లేదు మరి. తల తిప్పి చూస్తే గుమ్మంలో పెద్ద టీచర్, హాజరు పుస్తకం గుండెకు ఆనించుకుని నిలబడి ఉంది. ఎప్పట్నుంచి ఉందో.

సాయంత్రం వరండాలో ఆవిడే పిలిచింది. నిన్న నువ్వు చెప్పింది నిజమేనన్నమాట అని ఒప్పుకుంది. అయినా పోయిన మార్కులు పోయినట్టేనని, వచ్చే వారం ఇంకో పాఠం చూస్తానని, సంతకం సంగతి అందులో తేలుతుందని చెప్పింది. ఆ తర్వాత మైదానం వైపు చూస్తూ ఇలా అంది.

“ఈ ఉద్యోగంలో చేరాక నేను ఇంకో టీచరు తరగతిలో కూర్చున్నది మార్కులు వేయడానికే. నా తరగతిలో ఎవరైనా కూర్చున్నా అందుకే. ఊరికే చూద్దామని ఎవరూ ఎవరి గదిలోకీ వెళ్ళం. నువ్వు చదివే ఆ మాస్టారి గదిలో కూర్చోవచ్చా?”

కళ్ళద్దాలక్క ఫోను ఇచ్చింది. పెద్ద టీచర్ కొత్త రాత వదిలేసి, అన్నిటికంటే పాతది ఎక్కడుందో చూపించమంది.

ఆ వారం కళ్ళద్దాలక్క కూడా పాతవి చదివింది, ఈసారి నెమ్మదిగా. మాస్టారు ఏం చేశాడన్నది చదవలేదు. చేసే ముందు ఏం చూశాడు, ఎవరి మొహం చూసి ఆగాడు, ఎక్కడ తనకు అర్థం కాలేదని రాశాడు, అవి చదివింది. తోటి అమ్మాయి సొంత సొద అని కొట్టిపారేసింది దీన్నే. తాను కింద వెతికింది ఎప్పుడూ పైనే ఉంది. సైన్సు టీచరు బల్బు కథ కూడా ఇప్పుడు ఆమెకు ఇంకోలా కనిపించింది. ఆవిడ రాసింది బల్బు గురించి కాదు, చూడడం గురించి.

రెండో పాఠం భిన్నాల గుణకారం. గమ్మత్తులేమీ పెట్టుకోలేదు. పెద్ద టీచర్ ఈసారీ వెనక కుర్చీలోనే కూర్చుంది. మార్కులు తనవని, వాటి సంగతి తానే చూసుకుంటానని, కాళ్ళు తొక్కుకోవద్దని కళ్ళద్దాలక్క ముందే చెప్పేసరికి తరగతి నవ్వింది. సగంలో సగం పావు అని పట్టీ మడిచి చూపించింది. అప్పుడు ఆ కాలు తొక్కించుకున్న కుర్రాడు చెయ్యెత్తాడు.

“గుణిస్తే పెరగాలి కదా టీచర్. తగ్గిందేం?”

ఆమె ఇంకోసారి మడిచి చూపించింది. వాడు పావు అయిందని ఒప్పుకున్నాడు, గుణిస్తే తగ్గడమేమిటో ఒప్పుకోలేదు. ఇంకో ఉదాహరణ చెప్పింది. వాడు తలూపాడు, కానీ మొహం మారలేదు. ఆ తలూపడం ఆమెకు తెలుసు. దాన్ని పట్టుకుని ముందుకు పోవచ్చు. వెనక కుర్చీలో కలం కదులుతోంది.

“నీకు అర్థం కాలేదు. ఎలా చెబితే అర్థమవుతుందో నాకు ఇప్పుడు తట్టడం లేదు” అంది. “రేపు చెబుతాను.”

పిల్లలందరూ ఒక్కసారి వెనక్కి తిరిగి పెద్ద టీచర్ మొహం చూశారు. ఆ మొహంలో ఏమీ దొరకలేదు.

గంట అయ్యాక పెద్ద టీచర్ బల్ల దగ్గరికి వచ్చి కాగితం మీద సంతకం పెట్టింది. మార్కులు గొప్పగా లేవు, గట్టెక్కడానికి చాలు. తెలియదని ఒప్పుకున్నందుకా అని కళ్ళద్దాలక్క ఉండబట్టలేక అడిగింది.

“అందుక్కాదు. రేపు చెబుతానని వాడికి మాటిచ్చావు. నిన్ను పంపించేస్తే ఆ రేపు నా మెడకు చుట్టుకుంటుంది” అని పెద్ద టీచర్ కలానికి మూత పెట్టింది. “వాడికి ఎలా చెప్పాలో నాకూ తెలియదమ్మా.”

ఆ సాయంత్రం బస్సులో కళ్ళద్దాలక్క వాడి ప్రశ్నను వాడి మాటల్లోనే మాస్టారికీ, సైన్సు టీచరుకూ, ఇంకో ఇద్దరికీ రాసి పంపింది. పొద్దున్నకు తలా ఒక రకం జవాబు వచ్చింది. అన్నీ చదివి, దేన్నీ అలాగే తీసుకోకుండా, కత్తిరించిన కాగితాల కట్ట పట్టుకుని తరగతిలోకి వెళ్ళి, ముందు వాడి పక్కన కూర్చుంది.