మడిగదిలో గిల్టు రేకు

మా తమ్ముడు పోయాడు. బందరు చిలకలపూడిలో తన గిల్టు నగల షాపు షట్టరు సగం ఎత్తి, గుండె పట్టుకుని ఆ మెట్టు మీదే కూర్చుండిపోయాడట. మరదలు ఫోన్ చేసేసరికి నేను ఇక్కడ అవనిగడ్డలో పూజకు పూలు కోస్తున్నాను. పూలసజ్జ గోడ మీద పెట్టేశాను. మైల వచ్చింది కనుక ఆ పూలు దేవుడి దాకా వెళ్ళలేదు.

వాడి గురించి రాద్దామని కూర్చుంటే పెద్ద సంగతులేవీ గుర్తు రావడం లేదు. ఆ ముందు వారంలో ఒక మామూలు ఉదయం మాత్రం కదలకుండా కళ్ళ ముందు ఉంది. కూచిపూడిలో నాట్యం నేర్చుకునే పిల్లలకు జడబిళ్ళలూ వడ్డాణాలూ అప్పజెప్పి, చల్లపల్లి మీదుగా స్కూటర్ మీద మా ఇంటికి వచ్చాడు. పెరట్లో పంపు దగ్గర కాళ్ళు కడుక్కున్నాడు. తువ్వాలు ఇస్తే వద్దని పంచెకే తుడుచుకున్నాడు. వంటింట్లోకి రాకుండా ముందు మడిగది గడప బయట నిలబడి, మెడ సాచి లోపలికి చూశాడు.

"ఉందా అక్కా?"

"ఉంది. ఎక్కడికి పోతుంది?"

వచ్చినప్పుడల్లా ఇదే మాట, ఇదే జవాబు. అది విన్నాకే మంచినీళ్ళు తాగేవాడు.

ఉప్మా రెండోసారి పెట్టించుకున్నాడు. ఇంటి దగ్గర మరదలు ఒకసారే పెడుతుందని, మనిషికి స్వేచ్ఛ లేకుండా పోయిందని నాకు ఫిర్యాదు చేశాడు. మా పక్కింటావిడ తన గొలుసు కొక్కెం ఊడిందని తెచ్చింది. జేబులోంచి చిన్న పటకారు తీసి అరుగు మీదే కూర్చుని బాగు చేశాడు. ఇంకోటి కొంటాను, అది నల్లబడదు కదా అని ఆవిడ అడిగింది.

"నల్లబడుద్దండి. ఏడాది తిరిగేసరికి మెడ దగ్గర మొదలవుద్ది. నల్లబడదని ఎవరన్నా చెప్తే ఆ కొట్లో కొనకండి."

ఆవిడ కొనలేదు. వాడు నొచ్చుకోనూ లేదు. స్కూటర్ ఎక్కుతూ వచ్చే వారం వస్తానన్నాడు.

మీలో ఎవరైనా చిలకలపూడిలో గిల్టు కొని ఉంటే వాడిని చూసే ఉంటారు. అద్దాల బీరువా పైన "ఇవి బంగారం కావు" అని తన చేత్తో రాసిన బోర్డు పెట్టుకున్న కొట్టు వాడిదే. గిల్టు కొనడానికి వచ్చినవాళ్ళకు అది తెలియదా అని అందరూ నవ్వేవారు. తెలుసు. కానీ కొన్నది ఇంకొకరి చేతికి వెళ్తుంది, ఆ ఇంకొకరికి తెలియకపోవచ్చు అనేవాడు. నగ పెట్టెలో పెట్టి ఇచ్చేటప్పుడు మళ్ళీ ఒకసారి నోటితో కూడా చెప్పేవాడు. ఇది బంగారం కాదమ్మా. మా నాన్న కూడా అలాగే చెప్పేవారు. అసలు కానిదాన్ని అసలు కాదని చెప్పి అమ్ముకోవడం మా ఇంట్లో అన్నం పెట్టిన పని.

అలాంటివాడు బిట్‌కాయిన్ అన్నప్పుడు నాకు నమ్మకం కుదరలేదు. ఇప్పటికీ కుదరలేదు. ఆ మాట ముందే చెప్పుకుంటున్నాను.

దానికి ముందు ఒకటి జరిగింది. షాపులో ఎవరో గాజులు కొని ఫోన్‌తో స్కాన్ చేసి వెళ్ళారు. ఆ మనిషి వేరే రాష్ట్రంలో ఎవరినో మోసం చేశాడట. ఆ డబ్బు చెయ్యి మారి మా వాడి ఖాతాలో పడింది కనుక అక్కడి పోలీసులు రాస్తే ఇక్కడ ఖాతా ఆపేశారు. సరిగ్గా పెళ్ళిళ్ళ సీజను. వాడు రోజూ పొద్దున్నే బ్యాంకుకు వెళ్ళి కుర్చీలో కూర్చునేవాడు. అక్కడి వాళ్ళు మర్యాదగానే మాట్లాడారు, కాఫీ కూడా ఇప్పించారు, డబ్బు మాత్రం మా చేతిలో లేదన్నారు. పనివాళ్ళకు జీతాలివ్వడానికి ఇంట్లో ఉన్న కాస్త అసలు బంగారం తాకట్టుకు వెళ్ళింది. గిల్టు వ్యాపారి భార్య పెళ్ళికి వెళ్తూ తన కొట్లో గిల్టే పెట్టుకుని వెళ్ళింది. చూసినవాళ్ళు అదే బంగారం అనుకున్నారు. వాడు మాత్రం ఆ పెళ్ళిలో భోజనం చెయ్యలేకపోయాడు.

కొన్నాళ్ళకు ఖాతా తెరిచారు. వాడు మాత్రం మునుపటి మనిషి కాలేదు. "నా డబ్బు నేను తీసుకోవడానికి ఎవడో ఊఁ అనాలా అక్కా?" అని అడిగాడు.

వాడు పదో తరగతితో చదువు ఆపినవాడు. ఫోన్‌లో తెలుగులో వచ్చే వీడియోలు చూసి, అర్థం కానివి నాలుగైదుసార్లు తిప్పి చూసి నేర్చుకున్నాడు. నెలకోసారి గుడివాడ వెళ్ళి, ఒక టిఫిన్ హోటల్లో తనలాంటివాళ్ళు నలుగురితో కూర్చుని వచ్చేవాడు. వచ్చాక రెండు రోజులు వాడితో మాట్లాడటం కష్టం. కూరలమ్మికి స్వేచ్ఛ గురించి చెప్పేవాడు. ఆవిడ వంకాయలు తూచి, బాబుకు ఒంట్లో బాగాలేదా అని మరదల్ని అడిగింది.

నన్నూ వదల్లేదు. కనపడదు, చేతికి రాదు, అయినా ఉందంటావేమిరా అన్నాను. నువ్వు రోజూ దణ్ణం పెట్టుకునేది నీకు కనపడిందా అన్నాడు.

"ఆయన నన్ను ఎప్పుడూ పాస్‌వర్డ్ అడగలేదు," అన్నాను.

చాలాసేపు నవ్వాడు. ఆ మాట గుడివాడలో కూడా చెప్పాడట.

ఒక్క సంగతి మాత్రం నన్ను ఆపింది. మా ఆయన ఊరికే, నేనూ కొంచెం పెట్టనా అని అడిగితే వాడు చెయ్యి అడ్డం పెట్టాడు. వద్దు బావా, ఇది పడిపోవచ్చు, రేపు ఏమీ మిగలకపోవచ్చు, పోయినా నిద్రపట్టేవాడే పెట్టాలి అన్నాడు. గిల్టు అమ్మే గొంతు అది. నాకు ఆ బిట్‌కాయిన్ మీద నమ్మకం రాలేదు గాని వాడి మీద ఉన్న అనుమానం ఆ రోజు పోయింది.

ఆ తర్వాతే రేకు తెచ్చాడు. అరచేతిలో పట్టేంత ఇత్తడి రేకు. బిట్‌కాయిన్‌లో వాడు పెట్టిన సొమ్ము తెరవడానికి కొన్ని ఇంగ్లీషు మాటలు వరసగా చెప్పాలట. ఆ మాటలు ఎవరి దగ్గరుంటే సొత్తు వాళ్ళదట. కాగితమైతే బందరు చెమ్మకు నాలుగు వానాకాలాలు ఆగదని, తనే కూర్చుని అక్షరం అక్షరం రేకు మీద చెక్కి, పైన బంగారు పూత పెట్టాడు. చూస్తే అక్షరాలన్నీ తిరగేసి ఉన్నాయి. నగలకు వాడే అచ్చుల మీద ఏది చెక్కినా తిరగేసే చెక్కాలి, రేకు మీద కొడితే అప్పుడు సవ్యంగా పడుతుంది. ముప్ఫై ఏళ్ళు అచ్చులు చెక్కిన చెయ్యి అలవాటుగా తన పని తను చేసేసింది. పూత పెట్టాక గాని చూసుకోలేదు. పోనీలే అక్కా, దొంగకి శ్రమ అన్నాడు.

నా దగ్గరెందుకురా అంటే, "నీ మడిగదిలోకి స్నానం చేసి తడిబట్ట కట్టకుండా బావ కూడా రాడు. బందర్లో ఏ లాకరుకుందక్కా ఆ కాపలా?" అన్నాడు. నేను దాన్ని దేవుళ్ళ వరసలో పెట్టలేదు. కింది అరలో, వత్తుల డబ్బా పక్కన పెట్టాను. ఎన్నాళ్ళకు తియ్యాలి అని అడిగాను. "దీనికి గడువు లేదు. ఏట్లో పారేసి పదేళ్ళకు తీసినా అలాగే ఉంటది. నువ్వు మాత్రం దిగులు పెట్టుకోకు," అన్నాడు.

స్వేచ్ఛ స్వేచ్ఛ అని వాడు ఊరికే అనలేదని ఇప్పుడు అనిపిస్తోంది. పూత పనికి వచ్చే ఆడవాళ్ళను ఏ వేళకు వచ్చావని ఎప్పుడూ అడగలేదు. కూతురికి కాలేజీలో చేరిన రోజే ఇంటి తాళం ఒకటి విడిగా చేయించి ఇచ్చాడు. తాళం చేతిలో ఉంటేనే ఇల్లు నీదని అన్నాడట. రెండోసారి ఉప్మా కోసం మాత్రం నా దగ్గరికి రావలసి వచ్చేది.

వాడు పోయిన వారంలోనే గుడివాడ నుంచి ఒకాయన తమ్ముడి ఇంటికి వచ్చాడు. తెల్లచొక్కా, నెమ్మదైన మాట. తమ్ముడితో టిఫిన్ హోటల్లో కూర్చునేవాడినన్నాడు. నన్ను అక్కగారూ అన్నాడు. వాడి పటానికి దణ్ణం పెట్టుకుని చాలాసేపు తల వంచుకుని కూర్చున్నాడు. లేచేటప్పుడు రేకు సంగతి ఎత్తాడు. అది ఉందని ఎలా తెలుసో చెప్పలేదు, తమ్ముడే చెప్పి ఉండవచ్చు. మీకు ఇవన్నీ తెలియవు, రేకు ఫోటో ఒకటి తీసి నాకు పంపండి, ఆ సొత్తు అంతా చెల్లెమ్మ ఖాతాలోకి మార్చి పెడతానన్నాడు. తనకు పైసా వద్దన్నాడు. నెలాఖరు దాటితే మాత్రం లాక్ అయిపోతుంది, ఇక ఎవరూ తియ్యలేరన్నాడు.

ఆయన దొంగో దొరో నాకు ఇప్పటికీ తెలియదు. తెలియని మనిషి మీద పాపపు మాట అనకూడదు. కానీ ఆ రాత్రి జపం చేసుకుంటుంటే రెండుసార్లు పూస తప్పింది.

అప్పటికే వీధిలో గుసగుసలు మొదలయ్యాయి. కోట్లు దాచాడని కొందరు, అంతా పోగొట్టి ఆ దిగులుతోనే పోయాడని కొందరు. పలకరించడానికి వచ్చినవాళ్ళు మరదలి ముఖం చూడకుండా బీరువా వైపు చూసేవారు. ఆ రేకులో ఎంత ఉందో ఆమెకు తెలియదు, నాకూ తెలియదు. ఉన్నదేదైనా వాడు భార్యకీ కూతురికీ విడిచి వెళ్ళింది అదీ, ఆ షాపూ.

పెద్దకర్మ రోజున ఆ గుడివాడాయన మళ్ళీ వచ్చి భోజనం చేసి వెళ్ళాడు. రేపు పొద్దున్నే వస్తాను, రేకు సిద్ధంగా ఉంచండి అన్నాడు. సాయంత్రం చుట్టాలు వెళ్ళాక షాపు వెనక పనిగదిలో నలుగురం కూర్చున్నాం. మరదలు, మేనకోడలు, మా ఆయన, నేను. రేకు పట్టుబట్టలో చుట్టి నాతో తెచ్చాను.

మరదలు ఇచ్చేద్దామంది. "ఆ పేరు ఇంక ఈ ఇంట్లో వినపడకపోతే చాలు వదినా. నాకు ఓపిక లేదు."

ఇవ్వడం ఇవ్వకపోవడం నీ ఇష్టం, అది నీదే అన్నాను. ఒక్కటి మాత్రం అడిగాను. ఈ పని గురించి, తన గురించి, ఆ గుడివాడాయన చెడ్డ మాట ఒక్కటైనా చెప్పాడా?

ఆలోచించింది. "లేదు. అంతా మంచే చెప్పారు."

"మరి మీ ఆయన?"

వాడు పోయాక మొదటిసారి ఆమె ముఖంలో నవ్వు చూశాను. "పెళ్ళిచూపుల్లోనే చెప్పారుగా. నాకు కోపం ఎక్కువ, షాపు అంతంత మాత్రం, ఇల్లు వానకి కారుద్ది అని. మా నాన్న కంగారుపడిపోయారు." తర్వాత పట్టుబట్ట మడత విప్పి రేకును తన వైపు తిప్పుకుంది. "ఆయన దీన్ని ఏట్లో పారేసినా ఉంటదనేవారు. ఈయనేమో నెలాఖరంటున్నారు. ఇద్దర్లో ఒకరు నాకు అబద్ధం చెప్పారు వదినా. మా ఆయన నాకు అబద్ధం చెప్పలేదు."

మేనకోడలు అప్పుడే ఆ గుడివాడాయనకు ఫోన్ చేసి, ఇప్పుడేమీ తియ్యడం లేదండీ, మీరు శ్రమపడి రావద్దని చెప్పింది. తర్వాత నన్ను అనొద్దు అని ఆయన పెట్టేశాడు. మళ్ళీ రాలేదు.

అసలు చదవగలమో లేదో ఒకసారి చూద్దామని మేనకోడలు, ఆడవాళ్ళు హారం పెట్టుకుని చూసుకునే చేతి అద్దం తెచ్చి రేకు ముందు పట్టింది. తిరగేసిన అక్షరాలు అందులో నిటారుగా నిలబడ్డాయి. మొదటి మాట పైకి చదివింది. చాలు, ఆపమన్నాను. ఆ మాట ఏమిటో మీకు చెప్పను. వాడు ఒప్పుకోడు.

ఆ సాయంత్రం అనుకున్నది ఇదీ. మేనకోడలు ఈ విద్య ఎవరి సాయం లేకుండా తనే నేర్చుకుంటుంది, ఎన్నాళ్ళు పట్టినా సరే. అప్పటిదాకా రేకు ఎవరికీ చూపించరు. సోమవారం షాపు తెరుస్తారు. బోర్డు అక్కడే ఉంటుంది. ఇంకొకటి నేను అడిగాను. నేను ఎల్లకాలం ఉండను, నా తర్వాత ఆ మడిగది ఎవరి చేతికి వస్తుందో తెలియదు, అంతా నా దగ్గర ఉంచొద్దు అన్నాను. మరదలు వాడి రేకు కత్తెర తీసి, మాట తెగకుండా రేకును మధ్యకు రెండు చేసింది. ఒక ముక్క తన కొంగున ముడివేసుకుంది. రెండోది నాకిచ్చింది.

ఇప్పుడది దేవుళ్ళ అరలోనే ఉంది. పొద్దున దీపం వెలిగించినప్పుడు పూత అంతా బంగారంలా మెరుస్తుంది. కత్తెర పడిన అంచున మాత్రం కింది ఇత్తడి సన్నగా, పచ్చగా, ఉన్నదున్నట్టు కనపడుతూ ఉంటుంది.