మా గేమ్ మెనూకి ప్రభు బావ వేసిన బొమ్మ

నిన్న పొద్దున్న వాట్సాప్‌లో ప్రభు బావ షాపు నంబరు నుంచి ఆయన ఫొటోతో శ్రద్ధాంజలి ఫ్లెక్సీ డిజైన్ వచ్చింది.

"ఫాంట్ బాలేదు, మార్చు బావా" అని రిప్లై పెట్టాను.

నవ్వకండి. బందరులో ఆయనకి ఫ్లెక్సీ షాపు ఉంది. కొత్త డిజైన్ ఏది చేసినా ముందు తన ఫొటోనే పెట్టి, తప్పులు చూడమని నాకు పంపేవాడు. పెళ్లి డిజైన్‌లో వరుడు ఆయనే. ఓణీల ఫంక్షన్ డిజైన్‌లో అమ్మాయి కూడా ఆయనే, మీసాలతో సహా. శ్రద్ధాంజలి డిజైన్‌లో కూడా ఇంతకుముందు చాలాసార్లు పోయాడు.

కాసేపటికి షాపులో పనిచేసే సుధాకర్ ఫోన్ చేశాడు.

"ఇది ట్రయల్ కాదండీ" అన్నాడు.

గుండెపోటు. షట్టర్ ఎత్తుతూ పడిపోయాడట.

ఆ రిప్లై నేను డిలీట్ చెయ్యలేదు. ఫాంట్ నిజంగానే బాలేదు. ఆయనే ఉండి ఉంటే ఒప్పుకునేవాడు.

మాది నిజం చుట్టరికం కాదు. ఆయనది చర్చి వీధి, నేను పోస్టాఫీసు గుమస్తా గారబ్బాయిని. నాకు బావ ఎలా అయ్యాడో ఇద్దరికీ తెలీదు. ఆయన కూడా నన్ను బావా అనే పిలిచేవాడు.

నేనూ నా ఫ్రెండ్స్ ఇద్దరూ కలిసి ఒక మొబైల్ గేమ్ చేశాం. మంగినపూడి బీచ్ నుంచి పడవేసుకుని చేపలకి వెళ్లే ఆట. గేమ్ తెరవగానే వచ్చే మెనూ వెనకాల ఒక బొమ్మ కావాలి. మాకు తెలిసినవాళ్లలో మంచి చెయ్యి బావదే, అందుకని ఆయన్నే అడిగాం.

"ఎన్నాళ్లు ఉంటుందది?" అన్నాడు.

"గేమ్ ఉన్నంత కాలం."

"నా బొమ్మలన్నీ వారం తిరక్కుండా గేదెల పాక మీదకెళ్తాయి బావా. లేకపోతే కృత్తివెన్నులో చెరువు గట్టు మీద చేపల మేత బస్తాలకి కప్పుతారు. ఉండిపోయేది ఒక్కటన్నా వెయ్యాలి."

నవ్వుతూనే అన్నాడు. కానీ ఆయనకి అది ఎంత కావాలో నాకు అర్థమైంది.

నేను చెప్పింది ఒకటే. సముద్రం, ఒక పడవ, సాయంత్రం వెలుతురు. మనుషులు వద్దు. మధ్యలో ఖాళీ ఉండాలి, అక్కడ స్టార్ట్ బటన్ వస్తుంది.

మొదటి డ్రాఫ్ట్ ముగ్గురం మళ్లీ మళ్లీ తెరిచి చూశాం. అంత బాగుంది. సరిగ్గా మధ్యలో, పడవ పక్కన మాత్రం బావ నిలబడి ఉన్నాడు. కొలత కోసం పెట్టానన్నాడు. సరే, ఒక్కడే కదా అనుకున్నాం.

రెండో డ్రాఫ్ట్‌లో వల బాగుచేసుకుంటూ ఒక పెద్దాయన వచ్చాడు. "మా మావయ్య. షాపుకొచ్చి చూసి, నన్ను వెయ్యవా అన్నాడు. ఏం చెప్పను?"

తర్వాత బావ వాళ్ల మరదలు వచ్చింది, ఇసుకలో కలంకారీ బట్టలు ఆరేస్తూ. వాళ్ల కలంకారీ ఊరు పెడనలో ఎండ లేనట్టు.

తర్వాత టీ కొట్టాయన, టీ కొట్టుతో సహా.

తర్వాత పాస్టరు గారు. పాస్టరు గారిని వేశాక పూజారి గారిని వెయ్యకపోతే బాగోదని పూజారి గారు. ఇద్దరూ పక్కపక్కనే నిలబడి కెరటాలు చూస్తున్నారు. ఆ తర్వాత వార్డు లీడర్లు ఇద్దరు, రెండు పార్టీల వాళ్లు, స్కేలు పెట్టి కొలిచి సమానంగా.

"ఇది మెనూ కాదు బావా, పుట్టినరోజు ఫ్లెక్సీ" అన్నాను.

"ఒక్క మొహం మర్చిపోతే ఏమవుద్దో నీకు తెలీదు" అన్నాడు.

నాకు తెలుసు. గుడివాడలో ఒక పెళ్లి ఫ్లెక్సీలో పెళ్లికూతురి మేనమామని మర్చిపోయాడు. ఆ మేనమామ భోజనానికి లేవనని భీష్మించుకు కూర్చున్నాడు. బావ బందరు నుంచి బండి మీద ఆయన ఫొటో పట్టుకెళ్లి, నిచ్చెనెక్కి, పెళ్లికొడుకు భుజం మీద అంటించాక గానీ ఆయన విస్తరి ముందుకి రాలేదు.

గేమ్ రిలీజ్ చేసే బెంగళూరు కంపెనీకి బొమ్మ పంపాం. వీళ్లంతా ఎవరు, బటన్ ఎక్కడ అని అడిగారు. బటన్ పెట్టడానికి చోటు చూపించకపోతే బొమ్మ తీసేసి ఉత్త నీలం రంగు పెడతామన్నారు.

ఆ మాట చెప్పడానికి షాపుకి వెళ్లాను. బావ విని, తింటున్న బిర్యానీ పక్కన పెట్టేశాడు. అన్నం ముందు ఆయన అలా ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

మనుషుల్ని కాస్త పక్కలకి జరిపాడు. ఇంకా ఒక మనిషంత చోటు తక్కువైంది. మౌస్ పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరా ఆగాడు. మావయ్య దగ్గర ఆగాడు, మరదలి దగ్గర ఆగాడు. చివరికి పడవ దగ్గరికొచ్చి తన బొమ్మ తీసేశాడు.

"వీళ్లలో ఎవర్ని తీసినా గొడవే. నన్ను తీస్తే ఎవరడుగుతారు?" అన్నాడు.

నేను నవ్వాను. బటన్ పెట్టి పంపేశాం. కంపెనీ ఓకే అంది, గేమ్ బయటికొచ్చింది.

ఇవాళ పొద్దున్న వాళ్లింటికి వెళ్లాను. ఆయన భార్య రూతమ్మక్క ఫోన్‌లో మా గేమ్ తెరిచి కూర్చుంది. ఆట ఆడటం లేదు. మెనూనే చూస్తోంది.

"ఊరందరూ ఉన్నారు. మీ బావేడి?" అంది.

చెప్పాను. ఆయనన్న మాట కూడా చెప్పాను.

"ఎవరడుగుతారన్నారా? నేనడుగుతున్నా" అంది.

అక్కడే కూర్చుని లాప్‌టాప్ తీశాను. పాత డ్రాఫ్ట్ నుంచి బావని తెచ్చి పడవ పక్కన నిలబెట్టాను. బటన్‌కి వేరే చోటు లేక, వాకిట్లో కుర్చీలు వేయిస్తున్న టీ కొట్టాయన్ని పిలిచి అడిగాను.

"నా కొట్టు మీద పెట్టెయ్యండి. ఆయన్ని మాత్రం కదపకండి" అన్నాడు.

వచ్చే అప్‌డేట్ నుంచి స్టార్ట్ నొక్కాలంటే టీ కొట్టు నొక్కాలి.

ఇక ఉంటాను బావా. నువ్వెళ్లిన చోట 'నా ఫొటో ఏది' అని ఎవరూ నీమీదకి రారు. మీ చర్చిలో అనేట్టు, సమాధానంగా నిద్రపో.