గురుడి వైపు నల్లరాయి

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నవాడెవడో గాని, వాడికి కనీసం పేరైనా తెలుసు. నాకు అదీ తెలియకుండానే ఖిదిర్‌పూర్‌లోని మా కార్పొరేషన్ క్వార్టర్స్ మొత్తం ముందు పరువు తీసుకున్నాను. మీరు నవ్వుకోండి, నేనేమీ అనుకోను.

కాలేజీలో ఉండగా, టెలిస్కోపు తీసిన ఆకాశం ఫొటోల్లో కదిలే చుక్కల్ని వెతికే పని ఇంటర్నెట్‌లో చేసేదాన్ని. ఒకరోజు ఓ మసక చుక్క కదిలింది. గ్రహశకలం. కనిపెట్టినవాళ్ళు దానికి పేరు సూచించొచ్చని ఎక్కడో చదివాను. రిపోర్టు పంపిన చేత్తోనే నానమ్మకి మాటిచ్చేశాను, తాతయ్య పేరు పెడతానని. ఆయన కార్పొరేషన్‌లో ముప్పయ్యేళ్ళు వీధులూడ్చిన మనిషి. నానమ్మ కళ్ళు తుడుచుకుని, ఎక్కడుందే అది అంది. కుజుడికీ గురుడికీ మధ్య, గురుడి వైపు అన్నాను. గురుబలం ఉందని తేల్చేసింది.

తీరా చూస్తే తాతయ్య అసలు పేరు నాకు తెలీదు. ఊడ్చేవాళ్ళకి మేస్త్రీ కాబట్టి ఊరంతా సర్దార్ అనేవారు. కాగితాల్లో కాగితానికో పేరు. నాన్ననడిగితే మీ నానమ్మనే అడగమన్నారు. ఆవిడేమో మొగుడి పేరు నోటితో చెప్పదు.

"సెప్తే ఆయనకి ఆయుష్షు తగ్గిపోద్దే."

"ఆయన పోయి పదేళ్ళయింది నానమ్మా."

"అయితే ఏటి?"

బతిమాలితే, పొడుపుకథలా, పొద్దున్నే వస్తాడంది. పాలవాడా అన్నాను. తిట్టింది. సూర్యనారాయణ, ఆదినారాయణ, భాస్కరం, ప్రభాకరం... సూర్యుడికున్న పేర్లన్నీ అయిపోయాయి గాని ఆవిడ తల అడ్డంగా ఊగడం ఆగలేదు. నాకు ఒళ్ళు మండి లేచి వెళ్ళిపోయాను.

ఆవిడ మాత్రం ఊరుకోలేదు. ఆదివారం పొద్దున్నే, రాయికి పేరు పెట్టే వేడుకని క్వార్టర్స్ వాళ్ళందరినీ పిలిచేసింది. పక్కింటి బెంగాలీ దాదా సందేశ్ మిఠాయి పెట్టె తెచ్చాడు. అందరూ కూర్చున్నాక, నేను పంపిన రిపోర్టుకి ఫోన్‌లో జవాబొచ్చింది. ఆ రాయిని ఎవరో ఎప్పుడో కనిపెట్టేశారట, పేరు కూడా పెట్టేశారట. పైగా బొగ్గులా నల్లగా ఉంటుందట.

చెప్పక తప్పలేదు. సిగ్గుతో నాకు ఏడుపొచ్చింది. చివరికి నానమ్మే తేరుకుంది.

"పోన్లెండి. మా సూరప్పడు ముప్పయ్యేళ్ళు ఊడ్సిన రోడ్డుకే ఇంకోడి పేరుంది. రాయికుంటే ఏటి?"

అనేసి, గబుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత నావైపు తిరిగింది.

"సూసినావా గుంటా, నీ రాయి మూలాన ఆయన ఆయుష్షు తగ్గిపోనాది."

ఆ సందేశ్ పెట్టె మీద చెయ్యేసి అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను. నాది కాని రాయిని, పేరు తెలీని తాతకి, ఈ జన్మలో ఇంకెప్పుడూ రాసివ్వను.