గురువారం పొట్లాలు

మట్టిలో పత్తిగింజను చీల్చి తెల్లటి దూదిగా విప్పేవాడికి, చంటిబిడ్డ చిగుళ్లలో ఎవరూ నాటకుండానే పళ్లు మొలిపించేవాడికి, అడిగినవాడికీ అడగనివాడికీ ఎండను సమానంగా పంచేవాడికి స్తోత్రం. నా నాలుక ఆయనది, అది ఆనుకునే పన్నూ ఆయనదే. ఈ మాట ముందు చెప్పుకోకుండా నా అసూయ గురించి రాయటానికి చెయ్యి ఆడలేదు.

మాది పరుపులు కుట్టే ఇల్లు. దూది ఏకేటప్పుడు గాలి తగలకూడదు, ఎగిరిపోతుంది. అందుకని తెల్లవారి నమాజు చదివి వచ్చి తలుపులూ కిటికీలూ బిగించుకుని కూర్చుంటే, మళ్లీ మధ్యాహ్నం నమాజుకే బయటికి రావటం. ముప్ఫై ఏళ్లుగా అంతే. కుట్టు పూర్తయ్యాక దారాన్ని పంటితో తెంపటం మా నాన్న అలవాటు, నాకూ అదే వచ్చింది. కత్తెర పక్కనే ఉంటుంది, చెయ్యి అటు పోదు. అలా తెంపీ తెంపీ పై ముందుపన్ను ఒకటి బీట తీసింది. చివరికి వేరుతో సహా తీయించాల్సి వచ్చింది.

తినటానికి పెద్ద ఇబ్బంది లేదు. చదవటానికే. ఖురాన్ పారాయణంలో కొన్ని అక్షరాలు నాలుక కొస పై పళ్ల అంచుకు తగిలితేనే పలుకుతాయి. నాకు అక్కడ ఉత్త గాలి పోయేది. తీసి పెట్టుకునే పన్ను పెట్టించి చూశాను, గట్టిగా చదివితే కదిలేది. మా ఊరి మసీదులో రంజాన్ నెల పారాయణం ఎన్నో ఏళ్లుగా నాదే. ఒక శుక్రవారం నమాజయ్యాక మసీదు పెద్దాయన నా పక్కన కూర్చుని, "ఈసారి మీ తమ్ముణ్ణి చదవనిద్దాం. ఆలోపు పన్ను బాగుపడితే నువ్వే చదువుదువుగాని" అన్నాడు.

తమ్ముడికి చదవటం నేర్పింది నేనే. తప్పు చదివితే తొడపాశం పెట్టిన చెయ్యి ఇది. వాడు మిర్చి కల్లాల్లో పని చేస్తాడు. ఘాటుకి పాడైపోవలసిన గొంతు వాడికి తేటగా ఉంది, మూసిన గదిలో కాపాడుకున్న నా గొంతుకి పన్ను అడ్డమొచ్చింది. వాడికీ దవడపన్ను ఒకటి పోతే, గుంటూరులో డాక్టరమ్మ దగ్గర ఎముకలోకి స్క్రూ దింపించుకుని, దాని మీద కొత్త పన్ను కట్టించుకున్నాడు. ఇంటికొచ్చి నా ముందే చెరుకు ముక్క నమిలాడు.

"చూడన్నా, రాయిలాగుంది."

"ఊరికే నమలకురా, ఊడుద్ది" అన్నాను. ఊడితే బాగుండనిపించింది. అల్లాహ్ క్షమించుగాక, నిజంగానే అనిపించింది.

నేనూ అదే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. రక్తపరీక్ష చేయించి, కాగితం చూసి, "డి విటమిన్ మరీ తక్కువుందండి. ఎండలోకి రారా మీరు?" అంది.

"దూది పనండి. తలుపులేసుకునే చేస్తాం."

"ఎముక స్క్రూని పట్టుకోవాలంటే ఇది సరిపడా ఉండటం మంచిదండి. తక్కువున్న అందరికీ ఊడిపోతుందని చెప్పను. ఉన్నంతమాత్రాన పట్టేస్తుందనీ చెప్పను. మూడు నెలలు డి విటమిన్ పొడి వాడండి, మళ్లీ పరీక్ష చేసి స్క్రూ వేద్దాం."

ఆ మూడు నెలలు, తర్వాత ఎముక అతుక్కోవటానికి ఇంకో మూడు నాలుగు నెలలు. రంజాన్ దాటిపోతుంది. తమ్ముడు ఒక్క నెల చదివాడంటే ఊరు మళ్లీ నన్ను అడగదు. "ఇప్పుడే వేసేయండి, పొడి వేసుకుంటూనే ఉంటాను" అని పట్టుబట్టాను. ఆవిడ వద్దు వద్దంటూనే చివరికి ఒప్పుకుని స్క్రూ వేసింది.

వారానికొక పొట్లం, పాలల్లో. ఏదో ఒక రోజు పెట్టుకోమంటే గురువారం అన్నాను. ఆ వారం నుంచే, పన్ను నిలవాలని ప్రతి గురువారం ఉపవాసం మొదలుపెట్టాను. పగలు ఏదీ నోట్లో వేసుకోకూడదు. పొద్దుగూకాక ఖర్జూరం, గంజి, నమాజు, అక్కడికి పొట్లం మాట మరుపే. గుర్తొచ్చిన రోజు కూడా, ఉపవాసమే ఉన్నానుగా, ఈ పొడి ఏపాటిది అనుకున్నాను. పొట్లాలన్నీ సూదుల డబ్బాలో ఉండిపోయాయి.

పదో వారంలో నాలుక తగిలితే స్క్రూ కదిలింది. డాక్టరమ్మ దాన్ని తీసేసి, "పొడి వాడారా?" అని అడిగింది. లేదన్నాను. "అందుకే ఊడిందని కచ్చితంగా చెప్పలేనండి. కానీ ఈసారి మీరు తొందరపెట్టినా నేను వెయ్యను" అంది.

బయట తమ్ముడు బండి మీద కూర్చుని ఉన్నాడు. కడుపులో ఉన్నది కక్కేశాను.

"నువ్వు పొద్దంతా ఎండలో ఉంటావు, నీ ఎముక పట్టింది. నాకేదిరా ఎండ?"

"ఏం ఎండ అన్నా? తలకి తువ్వాలు, మూతికి గుడ్డ, మణికట్టు దాకా చొక్కా. ఆ ఘాటులో కళ్లు తప్ప ఏం బయటపెడతాం? నాకూ తక్కువే వచ్చింది. మూడు నెలలు పొడి తాగాకే వేసింది ఆవిడ. నీకు చెప్పా కదా."

"ఎప్పుడు చెప్పావు?"

"చెరుకు నమిలిన రోజే. నువ్వు నా నోట్లోకి చూస్తన్నావు, వినలా."

రంజాన్ వచ్చింది. రాత్రి నమాజులో చదవటానికి తమ్ముడు ముందు నిలబడ్డాడు, నేను వాడి వెనక మొదటి వరుసలో. చదివేవాడు ఎక్కడైనా ఆగిపోతే, వెనక తెలిసినవాడు ఆ మాట అందించాలి. అది మా పద్ధతి. మూడో రోజు వాడు ఒక వాక్యం దగ్గర ఆగాడు. వెనక్కి వెళ్లి మళ్లీ చదివాడు, మళ్లీ అక్కడే ఆగాడు. తర్వాతి మాట నా నోట్లో సిద్ధంగా ఉంది. ఒక్క ఊపిరి తీసేంతసేపు అందించలేదు. వరుసలన్నీ వాడి తడబాటు వినాలనుకున్నాను. దేవుడి ముందు చేతులు కట్టుకుని నిలబడి అనుకున్నాను ఆ మాట.

అప్పుడు అందించాను. పన్ను లేని సందులోంచి అక్షరం సగం గాలై పోయింది. వాడు దాన్ని అందుకుని, నేను నేర్పినట్టే, అంచు చెదరకుండా పలికి ముందుకు సాగాడు. నా కళ్లు చెమర్చాయి. సంతోషంతో అని రాస్తే అబద్ధమవుతుంది.

ఇప్పుడు పొట్లం శుక్రవారం వేసుకుంటున్నాను. తమ్ముడే పాలు కలిపిస్తాడు, గ్లాసు ఖాళీ అయ్యేదాకా కదలడు. పరీక్షలో డి విటమిన్ కాస్త పెరిగింది. ఇంకో నెల చూసి స్క్రూ వేస్తానంది డాక్టరమ్మ.

ఇంతదాకా చదివిన మీరు నాతోపాటు చేతులెత్తండి. ఈసారి నా ఎముక దాన్ని పట్టుకోవాలని అడగండి. పట్టినా పట్టకపోయినా, వాడు ఆగిన చోట నేను ఆలస్యం చెయ్యకుండా మాట అందించేలా చెయ్యమని, అది ఇంకొంచెం గట్టిగా అడగండి. ఆమీన్.