డ్యాష్‌బోర్డు మీది చెన్నకేశవుడు

మార్కాపురంలో కారు కొన్నవారు ముందు గుడికి పోయి చక్రాల కింద నిమ్మకాయలు తొక్కిస్తారు; ఆ తరువాత బండిని తెచ్చి గురునాథం దుకాణం ముందు ఆపుతారు. నిమ్మకాయల రక్ష ఆ పూటకే. గురునాథం ఇచ్చే రక్ష బండి ఉన్నన్నాళ్ళూ ఉంటుంది: అరచేతికన్నా పెద్ద నల్లని పలకరాయి మీద ఉబ్బెత్తుగా చెక్కి, కొబ్బరినూనె రుద్ది నిగనిగలాడించిన చెన్నకేశవస్వామి.

తండ్రి హయాంలో ఆ దుకాణం నిండా బడిపలకలు ఉండేవి. పిల్లలు నోటుపుస్తకాలకు మారాక చాలామంది ఆ వ్యాపారం వదిలిపెట్టారు, గురునాథం వదలలేదు. “బలపం పోయినాది గానీ రాయి పోలేదు గదా,” అని ఉలి పట్టాడు. మా ఇంటికీ వాళ్ళ ఇంటికీ ఒకటే గోడ. నేను ఆయన్ని చిన్నాయనా అంటాను. నల్లకోటు వేసుకున్ననాటి నుంచి ఆయన నన్ను లాయరమ్మా అంటాడు. కోపం వస్తే మాత్రం పాత పిలుపే: “అమ్మే!”

విగ్రహాన్ని కొన్నవారి చేతిలో పెట్టి పంపడం ఆయనకు గిట్టదు. చెప్పులు బయట విడిచి, తానే బండిలోకి ఎక్కి, డ్యాష్‌బోర్డు తడిబట్టతో తుడిచి, ఎండకు కరగని మందపాటి టేపుతో స్వహస్తాలతో అంటిస్తాడు. అదీ డ్రైవరు ముందు కాదు, పక్కసీటు ముందు. అందుకు ఆయన చెప్పే కారణం వినడానికి ముచ్చటగా ఉంటుంది. “తోలేటోడికి స్టీరింగు ఉండాది, బ్రేకు ఉండాది. పక్కన కూచున్నోళ్ళకు ఏముండాది? ఉత్త భయమే. భయపడేటోళ్ళ ముందర ఉండాల స్వామి.”

పక్కసీటు ముందు నున్నగా, చదునుగా ఉండే ఆ భాగాన్ని కారు చేసినవారు దేవుడి కోసమే వదిలారని ఆయన నమ్మకం. అక్కడ ఏవో ఇంగ్లీషు అక్షరాలు అచ్చొత్తి ఉండేవి. స్వామి పక్కన అవి శోభించవని, సరిగ్గా వాటిమీదనే పలకను కూర్చోబెట్టేవాడు. ఆ అక్షరాలు చెప్పే సంగతి ఒక్కటే: ఈ మూత కింద ఎయిర్‌బ్యాగ్ ఉన్నది.

జిల్లాలను విడదీసి, మార్కాపురాన్ని మాత్రం ప్రకాశంలోనే ఉంచిన ఏడాది ఆయన కూతురు చెన్నమ్మ పుట్టింట్లో ఆడపిల్లను కన్నది. ఐదో నెల రాగానే తల్లీబిడ్డలు గిద్దలూరుకు, అత్తవారింటికి, బయలుదేరాలి. అల్లుడు వీరరాఘవ ఒకరోజు ముందుగానే కారుతో వచ్చాడు. ఆ కారు కొన్నప్పుడు మామగారు చెక్కి ఇచ్చిన స్వామి ఆయన చేతి పనులన్నిటిలోకీ పెద్దది; శంఖచక్రాలతో, ఇరుపక్కలా దేవేరులతో కిలో బరువుకు తగ్గదు. ప్రయాణం ఎలా జరగాలో పెద్దవాళ్ళు ముందే అనుకున్నారు: చెన్నమ్మ బిడ్డను ఒడిలో పెట్టుకొని, స్వామికి ఎదురుగా, ముందు సీట్లో కూర్చుంటుంది.

ఆ మాట చెవిన పడ్డాక నేను గోడకు ఇవతల ఉండలేకపోయాను.

“చిన్నాయనా, ఆ స్వామిని అక్కడినించి తియ్యాల.”

“ఏంది?”

“ఆయన కింద గాలిసంచి ఉండాది.”

“ఉండనీ. స్వామి కింద ఆదిశేషుడే ఉన్నాడు, గాలిసంచి ఒక లెక్కా?”

వంటింట్లోంచి ఆయన భార్య దుర్గాంబ నవ్వు వినిపించింది. నాకు నవ్వు రాలేదు. బండి గట్టిగా దేనినైనా గుద్దుకుంటే ఆ సంచి రెప్పపాటులో మూతను చీల్చుకొని బయటికి వస్తుందని, మూత మీద రాయి ఉంటే ఆ రాయి ఎదురుగా ఉన్న తల్లి ముఖానికో బిడ్డ తలకో తగులుతుందని, రాయి లేకపోయినా ఆ సంచి దెబ్బకు ఒడిలోని పసిబిడ్డ తట్టుకోలేదని చెప్పాను. పద్నాలుగేళ్ళలోపు పిల్లలను బెల్టు గానీ వారికి తగిన సీటు గానీ లేకుండా కారులో తీసుకుపోతే మోటారు వాహనాల చట్టం జరిమానా వేస్తుందని కూడా చెప్పాను. చట్టం సవరించి మూడేళ్ళయింది. అది మా వీధి మలుపు తిరిగి లోపలికి రావడం నేను ఇంతవరకు చూడలేదు.

“గుద్దుకోకుండా చూసేదానికే గదమ్మే స్వామిని పెట్టింది!” అన్నాడాయన. “ఇంతకూ ఇప్పుడేందంటావు? స్వామికి నోటీసిస్తావా? ఏ కోర్టుకు రమ్మంటావు? ఒంగోలు అంటే రాడు, దూరం.”

“నాయనా,” అంది చెన్నమ్మ, బిడ్డను భుజం మార్చుకుంటూ. ఆ సాయంత్రం ఆమె మాట్లాడడం అదే మొదలు. “ఆ రాయి ఉండే సీట్లో నేను కూచోను.”

“రాయా?”

కూతురు పుట్టినప్పుడు తొట్టెకు కట్టిన చిలుకలు ఆయన చెక్కినవే. ఆమె బడికి పట్టుకుపోయిన పలకకు చట్రం బిగించింది ఆయనే. పెళ్ళై పోతున్నప్పుడు అందరూ ఏడిస్తే, ఆయన మూలన కూర్చొని ఈ స్వామికే మెరుగు పెడుతున్నాడు. కన్నబిడ్డ దానిని రాయి అన్నది. ఆ పూట ఆయన అన్నం ముందు నుంచి లేచిపోయాడు.

తెల్లవారగానే మా అరుగు దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. “పద, చూపించు. కంటితో చూడంది నేను ఒప్పను.”

కంభం రోడ్డులో మెకానిక్ పిచ్చయ్య షెడ్డు ఉంది. కల్వర్టుకు గుద్దుకున్న కారు ఒకటి అక్కడ బీమా వాళ్ళ కోసం ఎదురుచూస్తోంది. రెండు సంచులూ బయటికి వచ్చి, గాలి పోయి, వేలాడుతున్నాయి.

“దీంట్లో ఉన్నోళ్ళు ఏమైనారు పిచ్చయ్యా?” గురునాథం గొంతు తగ్గించి అడిగాడు.

“మొగుడూ పెండ్లామూ. బెల్టులు పెట్టుకోనుండారు, బతికినారు. బెల్టు ఉంటేనే సంచి కాపాడేది సామీ. బెల్టు లేకుండా ముందుకు పడినామనుకో, ఆ సంచే మొగం మీద తంతాది.”

గురునాథం ముందు సీటు వైపు వంగాడు. చిరిగిన మూతను వేలితో ఎత్తాడు. పైవైపు చూశాడు, తిరగేసి లోపలివైపు చూశాడు, అంచు పొడుగునా బొటనవేలు జరిపాడు. పైన ఒక్క గీతైనా లేని ఆ మూతకు అడుగున సన్నని గాడి ఉంది; మూత ఆ గాడి వెంట మాత్రమే తెరుచుకుంది. గనిలో పెద్ద రాయిని పలకలుగా విడదీసేటప్పుడు పనివాళ్ళు ముందు ఒక గాటు పెట్టి, దాని వెంటే సుత్తితో తడతారు. రాయి అక్కడే విడుతుంది, మరొక చోట విడవదు.

“ఇది విరిగింది గాదు,” అన్నాడు చివరికి. “విరగమని చేసినారు.”

“అదే గదా నిన్నట్నించీ నేను...”

“నువ్వుండమ్మే.” మూత మీద తన అరచేతిని పరిచి పెట్టి, స్వామి ఎంతమేర ఆక్రమిస్తాడో చూసుకున్నాడు. మూత చీలిన గీత పూర్తిగా చేతి కింద మాయమైంది. చెయ్యి తీయకుండానే, “అన్ని బండ్లలోనూ ఈడనే పెట్టినా గదే,” అన్నాడు. ఆ మాట నాతో అన్నది కాదు.

ఇంటికి వస్తూ దారిలో నైలాను దారం కొన్నాడు. గరిటెతోనో స్క్రూడ్రైవరుతోనో పెళ్ళగిస్తే మూత దెబ్బతింటుందని పిచ్చయ్య హెచ్చరించాడు. ఇల్లు చేరాక గురునాథం ముందు అల్లుడి బండికి కొబ్బరికాయ కొట్టి, స్వామికి ఉద్వాసన చెప్పాడు. ఆ తరువాత ముందు సీట్లో కూర్చొని, పలక వెనక నుంచి దారం దూర్చి, రంపం లాగినట్టు అటూ ఇటూ లాగసాగాడు. తాను అంటించింది ఊడదని ఊరందరికీ చెప్పిన మనిషి, ఆ గట్టితనంతో తానే పోరాడుతూ చెమటలు కక్కుతున్నాడు.

సరిగ్గా అప్పుడే వీరరాఘవ తల్లి వెంకటసుబ్బులమ్మ స్టేషను నుంచి ఆటోలో దిగింది.

“పసిబిడ్డ బయలుదేరే పూట స్వామిని పీకుతుండావా అన్నయ్యా!”

“పీకడం గాదు చెల్లెమ్మా. ఉద్వాసన చెప్పినాను. నీ ఇంట్లో దేవుడి గదిలో పెట్టుకుందువు.”

ఆమె సమాధానపడేలోగా వెనక సీటు కంటబడింది. నేనూ చెన్నమ్మా పెద్దలకు తెలియకుండా ముందే తెప్పించి మా ఇంట్లో దాచి ఉంచిన బిడ్డ సీటును వీరరాఘవ అక్కడ బెల్టుతో బిగించి ఉన్నాడు. ఐదు నెలల బిడ్డ మెడ బండి గుద్దుకుంటే ఆ ఊపుకు తట్టుకోలేదు కనుక, ఆ సీటు కారు వెనక్కి చూసేటట్టు పెట్టాలి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న ముందు సీట్లో ఎన్నడూ పెట్టకూడదు.

“ఇదేంది, బిడ్డకు మొగం వెనక్కి తిప్పినారు? మొదటిసారి ఇంటికొచ్చే బిడ్డ ముందుకు చూస్తా రావాలా, వెనక్కి చూస్తా రావాలా? అయినా నా ఒడి ఉండగా ఈ బుట్టేంది? ముగ్గురిని మోసిన ఒడి ఇది!”

నేను నోరు తెరిచాను. గురునాథం చేత్తోనే వారించాడు. స్వామి అప్పుడే ఆయన చేతిలోకి ఊడివచ్చాడు. కళ్ళకద్దుకొని, తువ్వాలలో చుట్టి దుర్గాంబకు అందించాడు.

“ఒడి మంచిదే చెల్లెమ్మా. ఒకసారి చూద్దాం.” దిష్టి తీయడానికి తెచ్చిన బూడిదగుమ్మడికాయ గడప దగ్గర ఉంది. దాన్ని ఎత్తుకొచ్చాడు. “బిడ్డంత బరువు ఉంటాది. వెనక కూచో, బెల్టు పెట్టుకో, దీన్ని బిడ్డను పట్టుకున్నట్టే పట్టుకో. అల్లుడు మెల్లగా వీధి చివరిదాకా పోయి బ్రేకు ఏస్తాడు. కాయ నీ ఒళ్ళోనే ఉంటే నువ్వు చెప్పిందే చేద్దాం.”

“గుమ్మడికాయను పట్టుకోలేనా?” అని ఆమె దర్జాగా ఎక్కింది. రెండు చేతులూ అల్లి, కాయను రొమ్ముకు హత్తుకుంది. వీధంతా బయటికి వచ్చి నిలబడింది. బండి నడిచే మనిషికన్నా కొంచెం వేగంగా పోయింది. చివర వీరరాఘవ బ్రేకు తొక్కాడు. మాకు దబ్బుమన్న చప్పుడు వినిపించింది.

వెనక్కి వచ్చి ఆగాక తలుపు తెరిచి చూస్తే, కాయ ముందు సీటు వీపుకు కొట్టుకొని, పగిలి, కాళ్ళ దగ్గర పడి ఉంది. ఆమె చేతులు ఇంకా అల్లుకునే ఉన్నాయి, మధ్యలో ఏమీ లేకుండా. ఎవరూ నవ్వలేదు. ఆమే కొంగుతో గింజలు తుడుచుకుంటూ, “దిష్టి పోయినాది లే,” అంది. “ఆ బుట్టలోనే పండుకోబెట్టండి. కానీ ఆ వెనక చూపు...”

“వెనక్కి చూడదు చెల్లెమ్మా. పక్కన వాళ్ళమ్మ కూచుంటాది, వాళ్ళమ్మను చూస్తా పోతాది.”

“ఈ పక్క నేను కూచుంటా. నన్ను గూడా చూడనీ.”

“అన్నీ నీకే వదినా,” అంది దుర్గాంబ, గుమ్మడి ముక్కలు ఏరుతూ.

బిడ్డను సీట్లో పడుకోబెట్టి పట్టీలు బిగించాం. ముందు సీటు ఖాళీగా ఉంది. వీరరాఘవ మామగారిని రమ్మన్నాడు. “స్వామిని ఒళ్ళో పెట్టుకొని అక్కడ కూచుంటే మళ్ళా అదే కత గదా నాయనా,” అన్నాడు గురునాథం. డిక్కీలో పెట్టమని ఎవరో అంటే, ఆ మనిషి వైపు చూసిన చూపుకు మళ్ళీ ఎవరూ ఆ మాట ఎత్తలేదు. కారు కదిలి, మలుపు తిరిగేదాకా ఆయన వెనక అద్దంలోకి చూస్తూ నిలబడ్డాడు. తరువాత తువ్వాల మూట పట్టుకొని, “రైలుకు టైమైంది, వస్తావా?” అన్నాడు. ఆయన్ని ఒంటరిగా పంపబుద్ధి కాక వెంట బయలుదేరాను.

రైల్లో కూర్చోవడానికి సీటు దొరికినా ఆయన మూటను కింద పెట్టలేదు. కంభం దాటుతుండగా చెన్నమ్మ ఫోను చేసింది: ఇల్లు చేరారు. బిడ్డ తర్లుపాడు దాకా ఏడ్చి, ఆ తరువాత నిద్రపోయిందట. అత్తగారు దారి పొడుగునా బిడ్డ పట్టీలు తడిమి చూస్తూనే ఉన్నదట. ఫోను పెట్టేశాక గురునాథం కళ్ళు తుడుచుకొని, కిటికీలోంచి దుమ్ము పడుతోందని చెప్పాడు.

గిద్దలూరులో దిగి బయటికి వచ్చాం. స్టేషను ముందు ఆగి ఉన్న తెల్లకారు దగ్గర ఆయన కాళ్ళు ఆగిపోయాయి. అద్దంలోంచి డ్యాష్‌బోర్డు మీద నల్లని స్వామి కనిపిస్తున్నాడు. చక్రం చెక్కిన తీరు చూస్తే ఎవరి చేతి పనో నాకూ తెలిసింది.

“చిన్నాయనా, మనుమరాలు నీ కోసం చూస్తుంటాది. పద.”

“అది క్షేమంగా ఉండాది. బండాయన రానీ.”

చాలాసేపటికి, భుజాన సంచితో ఒకాయన వచ్చి, తన కారుకు ఆనుకొని నిలబడిన మనుషులను అనుమానంగా చూశాడు. “ఎవురు మీరు?”

“నీ బండిలో స్వామిని పెట్టినోణ్ణి నాయనా. మార్కాపురం గురునాథాన్ని.”

“నువ్వా! మా బామ్మర్ది ఈ బండిని మీ ఊరికి తోలకొచ్చి పెట్టించినాడు. ఏం స్వామీ, ఇంకోటి చెయ్యాల్నా, ఇంకా పెద్దది?”

“ఈ సీట్లో ఎవురు కూచుంటారు?”

“ఇంకెవురు, మా పాప. స్వామికి దండం పెట్టుకుంటా నిలబడి వస్తాది.”

గురునాథం చెప్పులు విడిచి పక్కన పెట్టాడు. “తలుపు తియ్యి నాయనా,” అన్నాడు. “కొంచెంసేపు పడతాది, కూచొని చెప్తా.”